బుధవారం నీళ్లు

ఇప్పటివరకు ఎవరికీ చెప్పని మాట ఇది. పోచమ్మ పండుగకు ముందే మా వాడకట్టు నల్లా నీళ్లు పాడయ్యాయని నాకు తెలుసు.

నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. పైపు మురుగు పారే మోరీలోంచే వస్తుంది. తెల్లవారి మొదటి రెండు బిందెలే వాసన, ఆ తర్వాత తేట నీళ్లు. ముందుగా పట్టేది నేనే. బుధవారం డైరీలో రాసుకున్నాను: 'నీళ్లు మోరీ వాసన.' శుక్రవారం: 'పక్కింటి చంటిదానికి వాంతులు, విరేచనాలు.' ఆదివారం పండుగకు తాగే నీళ్ల డ్రమ్ము నింపిందీ నేనే. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. తెల్లగుడ్డతో వడకట్టి ఊరుకున్నాను.

పోచమ్మకు మేకపోతు మా అవ్వ మందలోంచే పోతుంది. అది ఆమె గొప్ప. మంగళవారానికి వాడకట్టులో సగం మంది మంచం పట్టారు. ఆరోగ్యశాఖ వాళ్లు జీపులో వచ్చి ఏం తిన్నారని అడిగారు. ఏం తాగారని అడగలేదు.

"మేక ఎవరిది?"

"నాదే సారూ," అంది అవ్వ.

"బతికున్నదాన్నే కోశారా?"

అవ్వ ముఖం నల్లబడింది. "నీళ్లు జల్లితే ఒళ్లు దులిపినంకనే కోస్తం సారూ. సచ్చింది దులుపుతదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. అడిగిన సారు తల ఎత్తకుండా రాసుకుపోయాడు. నేను డైరీ పట్టుకుని తలుపు చాటున నిలబడ్డాను. తల్లిపాలు, నీళ్లు తప్ప ఏమీ ఎరగని పక్కింటి పిల్లకు పండుగకు రెండు రోజుల ముందే జబ్బెలా వచ్చిందని నేను అడిగితే చాలు. అవ్వ నా వైపు, నా చేతిలోని డైరీ వైపు చూసింది. నేను లోపలికి వెళ్లిపోయాను.

మూడో రోజు పంచాయతీ గోడకు కాగితం అంటించారు. 'కలుషిత మాంసాహారం వల్ల.' ఆ తర్వాత అవ్వ మేకలను అడిగినవాళ్లు లేరు.

"సచ్చినదాన్ని తినబెట్టి మనల సంపజూసె గా ముసల్ది," అనుకుంటూ ఆడవాళ్లు అదే నల్లా దగ్గర బిందెలు నింపుకునేవాళ్లు.

పండుగ అయి పది రోజులు దాటింది. మా ఇంట్లో మళ్లీ మాంసం వండలేదు. అయినా అవ్వకు విరేచనాలు పట్టుకున్నాయి. నల్లగొండ దవాఖానకు తీసుకుపోదామని తెల్లవారే ఆటో ఎక్కించాం. అప్పుడే నల్లా బుసకొట్టి నీళ్లు వదిలింది. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె తిరిగి రాలేదు. నాతో అన్న ఆఖరి మాటలు ఇవి:

"నల్లా వచ్చినట్టున్నది బిడ్డా. నీళ్లెట్లున్నయి? పుస్తకంల రాసుకునుడు కాదు, గీ ఒక్కపారి నోటితోని చెప్పు."