కూత వేళ కహ్వా

కాశమ్మ మొగుడు పనిచేసేది ఆమె కాళ్ల కిందే. మాట తమాషాగా ఉన్నా సంగతి నిజం. ఆ రోజుల్లో మస్కట్‌లో ఊరి కింద కొండను దొలిచి, కార్లు పోయే సొరంగం తవ్వుతున్నారు. కడప నాపరాళ్ల గనుల్లో చెయ్యి తిరిగిన జయరాముడికి అందులో రాతికి బెజ్జాలు వేసే డ్యూటీ. సరిగ్గా ఆ కొండ మీదే, సఫూరా అనే పెద్దావిడ ఇంట్లో కాశమ్మకు ఇంటిపని. యజమానురాలిని "మామా" అని పిలవాలని ఏజెంటు చెప్పి పంపాడు. మేనమామ మీసాలు గుర్తొచ్చి మొదట్లో ఆమెకు నవ్వాగేది కాదు.

ఒకే ఊళ్లో ఉన్నా మొగుడూ పెళ్లాలు కలిసేది శుక్రవారం పూటే. దానికే పొంగిపోయేవాళ్లు. గల్ఫ్‌లో ఆ మాత్రం భాగ్యం ఎందరికి దక్కుతుంది?

ఆ భాగ్యానికి సొరంగమే ఎసరు పెట్టింది. రోజూ మధ్యాహ్నం కాబోతుండగా సైట్‌లో హెచ్చరిక కూత మోగేది. ఆ వెనకే బెజ్జాల్లో కూరిన మందుతూటాలు పేలి ఇల్లు వణికేది. మామా గుండె దడదడలాడేది. ఎక్కడో దూరాన ఇబ్రా ఊళ్లో ఉండే కొడుకు రషీద్ "నా దగ్గరికి వచ్చెయ్యమ్మా, పనమ్మాయిని కూడా తెచ్చుకో" అని పోరు పెట్టాడు. ఇబ్రాకు పోతే శుక్రవారాలు పోయినట్టే. కాశమ్మ అడకత్తెరలో పోకచెక్క అయింది. మొగుడు పని చేస్తే ఇల్లు వణుకుతుంది, ఇల్లు వణికితే మొగుడు దూరమవుతాడు.

ఏడుస్తూ కూర్చునే రకం కాదు కాశమ్మ. ఆ ఇంట్లో కహ్వా, అంటే యాలకులు వేసిన అరబ్బీ కాఫీ, పోసే మర్యాద ఆమెకు బాగా వంటబట్టింది. తాగేవాళ్లు చేతిలో చిట్టి గిన్నెను అటూ ఇటూ ఊపితే చాలని అర్థం. ఊపేదాకా పోస్తూనే ఉండాలి. ఒకరోజు కూత వేళకే ఖర్జూరాలూ కహ్వా తెచ్చి మామా ముందు పెట్టింది. ఢమ్మంది. పళ్లెంలో గిన్నెలు గలగలా ఊగాయి.

"చూడు మామా, కొండకు కడుపు నిండిందంట. ఇంక పొయ్యొద్దంటాండాది," అంది తనకొచ్చిన అరకొర అరబ్బీలో.

మామా బిత్తరపోయి చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పటినుంచి కూత వినబడితే కహ్వా వేళ. "నీ మొగుడు తలుపు కొడుతున్నాడు, రా" అని ఆవిడే పిలిచేది.

ఒకరోజు కూత మోగింది గానీ పేలుడు వినబడలేదు. కహ్వా చల్లారిపోయింది. ఫోన్ చేస్తే జయరాముడు ఎత్తలేదు. లోపల ఏమైందో ఏమో! కాశమ్మ ముఖంలో నెత్తురుచుక్క లేదు. మామా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడే రషీద్ కారు వేసుకొచ్చి, సామాన్లు సర్దమన్నాడు.

"ఈ పిల్ల మొగుడి సంగతి తెలిసేదాకా నేను కదలను," అంది మామా.

అంతలో ఢమ్మంది. గోడలు వణికాయి, గిన్నెలు ఊగాయి. మనుషులంతా బయటికొస్తే గానీ పేల్చరు, అంటే జయరాముడు క్షేమమే. ఆడవాళ్లిద్దరూ ఒకర్నొకరు వాటేసుకుని ఏడుస్తూ నవ్వారు. రషీద్ నోరు తెరుచుకుని చూశాడు. వణికే ఇంట్లో ఈ సంబరమేమిటో అతనికి బోధపడలేదు.

"సొరంగం అయ్యేదాకా ఇక్కడే ఉంటాను. అయ్యాక వణుకే ఉండదు, ఇంక నీ దగ్గరికెందుకు?" అంది మామా. రషీద్ ఖాళీ కారుతో తిరిగిపోయాడు. ఆలస్యానికి కారణం తర్వాత తెలిసింది. ఎవరివో మేకలు సైట్‌లోకి జొరబడితే, అందరూ వాటిని తోలుతూ కూర్చున్నారట. కొండను తవ్వితే ఎలుక దొరుకుతుందంటారు, వీళ్లకు మేకలు దొరికాయి.

చివరికి సొరంగం రెండు కొనలూ కలిశాయి. జయరాముడికి దగ్గర్లోనే, రుసైల్‌లో వేరే పని దొరికింది. మామా అతన్ని ఇంటికి పిలిచి తన చేత్తో కహ్వా పోసింది. తాగాడు. మళ్లీ పోసింది. పెద్దావిడ పోస్తుంటే వద్దనడం మర్యాద కాదని మళ్లీ తాగాడు. చెమటలు పట్టేదాకా తాగాడు. కాశమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చోద్యం చూసింది.

"సాలని ఎట్ల జెప్పల్ల మే?" అన్నాడు దీనంగా.

"గిన్నె ఊపు సామీ!"

సంగతి తెలిసి మామా పకపకా నవ్వింది. "ఇన్నాళ్లూ నా ఇల్లంతా ఊపినవాడికి గిన్నె ఊపడం రాదా!"

జయరాముడు సిగ్గుపడుతూ ఊపాడు. మామా అలవాటు కొద్దీ పళ్లెం వైపు చూసింది. అందులో గిన్నెలు కదలకుండా ఉన్నాయి.

"ఇక కూతలు ఉండవు కదా," అంది నెమ్మదిగా. "శుక్రవారం శుక్రవారం నువ్వే వచ్చి ఊపిపో."