తథాస్తు దేవతలు తిరిగే వేళ

మా మనవరాలు శ్రావణి పట్నంలో యాక్చూరియల్ సైన్స్ అనే డిగ్రీ చదువుతోంది. మనుషులు ఎంతకాలం బతుకుతారో లెక్కగట్టి బీమా వాళ్లకు చెప్పే చదువట. ఎల్లుండి పరీక్ష. రేపు మార్కాపురంలో బస్సెక్కాలి కాబట్టి ఇంట్లో అశుభం మాట రాకూడదని పొద్దుటి నుంచే కాపలా కాస్తున్నాను.

ఈ సాయంత్రం సరిగ్గా దీపం పెట్టే వేళకు అది గడపలో కూర్చుని, "డెబ్బై ఏళ్లకు ఇంతమంది పోతారు, డెబ్బై ఒకటికి ఇంతమంది" అని పైకి చదవసాగింది. నాకిప్పుడు డెబ్బై ఒకటి. గబగబా వెళ్లి పుస్తకం మూసేశాను.

"ఏందే నీ చదువు! తథాస్తు దేవతలు తిరిగే ఏళ చావుల లెక్కా?"

"అవ్వా, ముందు పూర్తిగా ఇను. ఇప్పుడు పుట్టిన బిడ్డకు వేసే మొత్తం ఆయుష్షు కంటే నీకు వేసేదే ఎక్కువ. ఇన్నేండ్ల గండాలు దాటేసినావు గదా, అందుకని!"

పుస్తకం తిరిగి ఇచ్చేశాను.

"అయితే ఆ ముక్క గట్టిగా చదువు. వీధిలోకి వినపడాల."

అది నవ్వు ఆపుకుంటూ మూడుసార్లు చదివింది. అప్పుడు దీపం వెలిగించాను.

పిల్ల పాసవుతుందని మీరూ ఒక మాట అనండి. దీపాల వేళ చూసుకుని అనండి.