కాటా గదిలో చింతపిక్కలు

చింతపండులో పిక్కలు తీస్తుంటే అవి స్టీలు గిన్నెలో టంగుమని పడతాయి. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. వెంటనే, ఆనాడు నా పక్షాన నిలబడ్డ జ్యోతి మేడం గుర్తొస్తారు.

అప్పట్లో గరివిడి దగ్గర లారీలు తూచే కాటాలో కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. చదువు ఏడో తరగతి. లారీ కాటా ఎక్కగానే నంబరు కొట్టి, దాని ఫొటో వచ్చే చిన్న డబ్బాను తెర మీద తెరిచి, సరిచూసి, మూసి, చీటీ ఇవ్వాలి. పొద్దున్న చురుగ్గా నడిచే కంప్యూటరు మధ్యాహ్నానికల్లా బిగుసుకుపోయేది. లారీలు రోడ్డు దాకా నిలిచిపోయేవి. "ఏటమ్మా, అవి యేళ్ళా మొద్దులా? సదువు లేనోళ్ళని కూకోబెడితే ఇలాగే ఉంటాది. సోమారం నుంచి రాకు" అన్నాడు మేనేజరు, డ్రైవర్లందరి ముందూ.

ఈలోగా ఆ కాటా ప్రోగ్రాం రాసిన కంపెనీ విజయనగరం నుంచి జ్యోతి మేడాన్ని పంపింది. ఆవిడ మేనేజరు గదికి పోకుండా నా పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నారు. "అప్పా, రోజూ నువ్వేటి సేస్తావో అదే సెయ్. నేను సూస్తాను" అన్నారు, మా వైపు అక్కను పిలిచినట్టే. ప్రోగ్రాం ఎంత మెమరీ తింటోందో చెప్పే అంకె ఒకటి తెర మూలన పెట్టారు. నా నోటి లెక్క ఎవరు నమ్ముతారు? అందుకే ఇంటి నుంచి చింతపిక్కలు తెచ్చి, ఫొటో తెరిచినప్పుడల్లా ఒకటి స్టీలు గిన్నెలో వేశాను. మేడం చెప్పినట్టు కొన్ని లారీలకు ఫొటో తెరవలేదు. వాటికి అంకె కదల్లేదు. తెరిస్తే పెరిగేది, మూసినా దిగేది కాదు. నలభై పిక్కలకు తెర బిగిసింది. మర్నాడూ నలభైకే.

"మూసేసిన డబ్బా ఎక్కడికీ పోలేదప్పా. కంటికి కనబడదు గానీ, ప్రోగ్రాం దాన్ని పట్టుకునే ఉన్నాది. తిన్న ఇస్తరాకులు తియ్యకుండా ఇంకో బంతి ఏసినట్టు."

"మరి తియ్యాల్సినోళ్ళెవరు మేడం?"

"మేవే. రాసినోళ్ళం."

అంతలో వాళ్ళ పెద్ద సారు ఫోను చేశాడు. ఆపరేటరు పొరపాటని రాసిచ్చి వచ్చేయమన్నాడట. మేడం మొహం కందిపోయింది. "పిక్కలు అబద్ధం ఆడతాయా సార్? నేనలా రాయను" అని ఫోను పెట్టేశారు. ప్రోగ్రాం సరిచేశారు. ఆ సాయంత్రం అరవై పిక్కలు పడినా తెర బిగియలేదు. "లోపం మా ప్రోగ్రాంది" అని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, మేనేజరు బల్ల మీద పెట్టి వెళ్ళారు.

నా ఉద్యోగం పోలేదు. మేనేజరు మాత్రం "సరేలే, కూకో" అన్నాడంతే. పదిమందిలో తిట్టినవాడు, ఆ మాట అనడానికి గదిలో ఎవరూ లేకుండా చూసుకున్నాడు. అది నేను మరవను.

మొన్న రేషను డిపోలో వేలిముద్ర పడలేదని ఒక పెద్దావిడను కసురుతున్నారు: "నీ యేళ్ళు అరిగిపోనాయి, ఎల్లు!" నేను వరస దాటి వెళ్ళి, మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"పొద్దుట్నుంచి ఎందరికి ముద్ర పళ్ళేదో ముందు సూద్దాం బాబూ" అని డిపో అతనితో అని, పెద్దావిడ వైపు తిరిగాను. " పెట్టప్పా, యేలు."