తొంభై నాలుగో బిళ్ళ

కుప్పం దగ్గరి బంగారు గనిలో చెంగమ్మను అందరూ కలెక్టరమ్మ అనేవాళ్లు. వెటకారానికి పెట్టిన పేరే. ఆమె మాత్రం దాన్ని కొప్పులో పువ్వులా దర్జాగా పెట్టుకు తిరిగింది.

ఆమె పని బిళ్ళల గదిలో. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నెంబరున్న ఇత్తడి బిళ్ళను వెంట తీసుకుపోవాలి, పైకొచ్చాక తిరిగివ్వాలి. చెంగమ్మ దాన్ని బోర్డు మీద మేకుకు తగిలిస్తుంది. మేకు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా భూమిలోనే ఉన్నట్టు.

ఆ గదిలో ఆమెకున్న చట్టం ఒక్కటే. ఎవరి బిళ్ళ వాళ్లే తేవాలి. అన్న బిళ్ళ తమ్ముడు తెచ్చినా తీసుకోదు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు కదా, ఆమె ముందు మేనేజరు కూడా నోరెత్తేవాడు కాదు.

ఆ మొండితనం ఊరికే రాలేదు. 1978లో ఆమె మొగుడు నారాయణప్ప ఆ గనిలోనే పోయాడు. అప్పట్లో ఒక వాడుక ఉండేది. ఒకే ఊరివాళ్లు ఒక జట్టుగా పనిచేసేవాళ్లు. షిఫ్టు అయ్యాక ముందు లిఫ్టెక్కినవాడు ఊరివాళ్లందరి బిళ్ళలూ పోగుచేసి తెచ్చి తగిలించేవాడు, వెనకొచ్చేవాళ్లు నేరుగా రైలు అందుకోవచ్చని. ఆ రోజు నారాయణప్ప బిళ్ళ తెచ్చింది అతని స్నేహితుడు రెడ్డెప్ప. బిళ్ళ పైన వేలాడుతోంది, మనిషి కింద రాళ్లలో ఇరుక్కున్నాడు. స్టేషన్లో వెతికారు, సారాయి అంగట్లో వెతికారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు సాయంత్రం గనిలోకి దిగారు. రెండు గంటల ముందు దొరికి ఉంటే బతికేవాడన్నాడు డాక్టరు.

ఆ మాట చెంగమ్మ గుండెలో ముల్లులా ఉండిపోయింది. మొగుడి బదులు ఉద్యోగమిస్తే ఏరికోరి ఆ గదే అడిగింది. రెడ్డెప్ప పేరు మాత్రం మళ్లీ ఆమె నోట రాలేదు. ఎదురుగా నిలబడి బిళ్ళ ఇచ్చినా "తొంభై నాలుగు" అనేది, అంతే. అతను తలొంచుకుని పోయేవాడు.

1984లో గనికి వైర్‌లెస్ సెట్లు వచ్చాయి. పైన కూర్చుని కింద ఉన్నవాళ్లతో మాట్లాడొచ్చన్నారు. తీరా చూస్తే మొదటి మలుపు దాటగానే మూగపోయాయి. ఇంజనీర్లు తలలు పట్టుకున్నారు. అప్పుడే పుంగనూరు నుంచి హనీఫ్ అనే రేడియో మెకానిక్కును పిలిపించారు. మదనపల్లెలో పని నేర్చినవాడు, చదివింది ఏడో తరగతి.

"రాయిలో మాటకు దారి లేదు సార్," అన్నాడు హనీఫ్. "మా ఇంట్లో బట్టలారేసే తీగ దగ్గర పెడితే రేడియో గట్టిగా పాడతాది. ఈడ గూడా గోడెంబడి ఒక తీగ లాగండి. దాన్ని పట్టుకుని పోతాది మాట."

"తీగ లేని ఫోనుకు తీగ కట్టేదేందప్పా," అని నవ్వారు జనం. కట్టాక నవ్వు ఆగిపోయింది. సెట్టు తీగ దగ్గరుంటే చాలు, మూడో అంతస్తు చివరి నుంచి కూడా మాట వచ్చింది.

ప్రతి గంటకూ జట్లను పిలిచి, ఎవరెక్కడున్నారో పలక మీద రాసే పని చెంగమ్మకు అప్పగించారు. ఆమెకు వచ్చిన చదువు అంకెలే. ఆ పనికి అవి సరిపోయాయి.

ఒక మధ్యాహ్నం షిఫ్టు ముగిసే వేళ రెడ్డెప్ప జట్టులోని మునస్వామి రెండు బిళ్ళలు బల్ల మీద పెట్టాడు. ఒకటి తనది, రెండోది తొంభై నాలుగు.

"ఆయప్ప వెనకాల వస్తాండాడక్కా. రైలుకు టైమైపోయె."

"ఎత్తుకో దాన్ని. వచ్చి ఆయప్పే ఇస్తాడు."

"వస్తాండాడంటే యాల నమ్మవు?"

ఆమె మునస్వామి బిళ్ళ మేకుకు తగిలించి జవాబు చెప్పేలోగా కాళ్ల కింద నేల అదిరింది. లిఫ్టు బావి నోట్లోంచి దుమ్ము లేచింది. మేనేజరు పరిగెత్తుకొచ్చి బోర్డు చూశాడు. ఒక్క మేకు ఖాళీ.

"మూడో అంతస్తు, తూర్పు మలుపు," అంది చెంగమ్మ పలక చూసి. "రెండింటికి ఆడనే ఉండాడు. సెట్టు ఆయప్ప నడుముకే ఉండాది."

సెట్టు మీటపైన ఆమె వేలు ఒక్క క్షణం ఆగింది. ఎందుకాగిందో ఆమెకు తెలుసు. తనమీద తనకే అసహ్యమేసింది. మీట నొక్కింది.

"తొంభై నాలుగు, యాడుండావు? పలుకు."

గరగరమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. పదిసార్లు పిలిచింది. "తీగ తెగలేదమ్మా, పిలుస్తానే ఉండు," అన్నాడు సెట్లు చూడ్డానికి వచ్చి పక్కనే నిలబడ్డ హనీఫ్. దిగడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు ఆమె ముఖం వైపే చూస్తున్నారు.

చెంగమ్మ కళ్లు మూసుకుంది. ఆరేళ్లుగా నోట పలకని పేరు బయటికొచ్చింది.

"రెడ్డెప్పా. నేను, మీ వదినను. పలుకు నాయనా."

గరగర ఆగింది.

"వదినా," అంది ఒక నీరసమైన గొంతు. "కాలు రాయి కింద ఉండాది. మలుపుకు ఇవతలే."

జనం దిగారు. గంటన్నరలో అతన్ని స్ట్రెచర్ మీద పైకి తెచ్చారు. కాలు విరిగింది, ప్రాణానికి భయం లేదు. ఆస్పత్రి బండి ఎక్కించబోతుంటే చెంగమ్మ అడ్డం నిలబడింది.

"పిలుస్తా ఉంటే యాల పలకలే?"

"నెంబరు పెట్టి పిలిస్తే పలకబుద్ధి కాలేదు వదినా," అన్నాడు రెడ్డెప్ప. "అన్న పోయినట్టే పోతాండానులే, సరిపోతాది అనుకుంటి. నువ్వు పేరు పెట్టి పిలిస్తివి."

చెంగమ్మ కళ్లనీళ్లు దాచుకోలేదు. మునస్వామి దగ్గరున్న బిళ్ళ తీసుకుని రెడ్డెప్ప అరచేతిలో పెట్టి, వెంటనే తన చెయ్యి చాచింది.

"ఇప్పుడు నీ చేత్తో నువ్వియ్యి."

అతను ఇచ్చాడు. ఆమె గదిలోకి వెళ్లి దాన్ని మేకుకు తగిలించింది. బోర్డు నిండింది.