శెనక్కాయ వేళ్లలో నెత్తురు

వడమాలపేట పక్కన మా మెట్టలో అప్పటిదాకా రాగులు, సజ్జలే పండేవి. యుద్ధం జరుగుతున్న రోజుల్లో మామ మొదటిసారి శెనక్కాయ వేశాడు. చేనంతా అదే. ఆ పైరు పోతే ఇంటిల్లిపాదికీ పస్తే.

ఒక పొద్దు అత్తా నేనూ కలుపు తీస్తుంటే గడ్డితోబాటు ఒక శెనక్కాయ చెట్టు ఊడి వచ్చింది. వేళ్ల నిండా ఆవగింజలంత పొక్కులు. అంతకుముందు వేసవిలో అట్లాంటి పొక్కులే నా బిడ్డ ఒంటి మీద చూశాను. ఆ బిడ్డ దక్కలేదు.

అత్త ఆ వేరు చూసి చేతిలో కలుపు తీసే చిన్న పార కింద పెట్టేసింది.

"పైరుకు అమ్మ పోసినాది. ఇంక ఇనుము తగలగూడదు" అంది.

ఇంట్లో అమ్మవారు పోస్తే ఏం చేస్తామో చేనుకూ అదే చేశాం. గట్ల మీద వేపమండలు గుచ్చాం, అంబలి పోశాం, ఎవరినీ లోపలికి దిగనివ్వలేదు. ఈలోగా వానలు పడి గడ్డి పైరును మించిపోయింది. మామ గట్టు మీద కూర్చుని చూసేవాడు. అమ్మవారి విషయంలో అత్త మాట దాటే ధైర్యం ఆయనకూ లేదు, నాకూ లేదు.

చివరికి ఆయనే రేణిగుంట పోయి వ్యవసాయ శాఖ మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. వచ్చినాయన ఎవరినీ అడక్కుండా ఒక చెట్టు పీకి, పొక్కును గోటితో చిదిమాడు. లోపల ఎర్రగా ఉంది.

"నెత్తురు సామీ" అంటూ అత్త కూలబడింది.

"జబ్బు కాదవ్వా. దీంట్లో కంటికి కనబడని పురుగులుండాయి. గాలిలో ఉండే సత్తువను పట్టి చెట్టుకు పెడతాయి. చెట్టు వాటికి తిండి పెడతాది. ఎర్రగా ఉంటే బాగా పని చేస్తా ఉండాయని లెక్క."

వాటిని బాక్టీరియా అంటారని, చాలా ఏళ్లకు అక్షరాలు నేర్చుకున్నాక చదివాను. ఆ రోజు మాకవి పురుగులే.

"బతికే ఉండాయా?" అని అడిగింది అత్త.

"బతికే ఉండాయి."

"ఇంట్లో కూసోని తిని, మళ్లా ఆ ఇంటికే పెడతాయా? నా కొడుకుల్ని పిలిపించి సూపించాల."

మామ నవ్వాడు. అత్త కొంగు దోపుకుని చేలోకి దిగింది. నేను మాత్రం చిదిమిన వేరు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పొక్కు అంటే చావనే నాకు తెలుసు. అందులో కాపురముండి అన్నం పెట్టేవి ఉంటాయంటే మనసుకు ఎక్కలేదు.

"ఏమ్మే, గడ్డి నీకోసం ఆగతాదా?" అని అత్త కేకేసింది.

వెళ్లి కూర్చున్నాను గానీ పార పట్టలేకపోయాను. శెనక్కాయ వేరు కదలకుండా గడ్డిని పోచ పోచగా విడదీసి లాగాను. పొద్దు వాలేసరికి అత్త నాలుగు సాళ్లు ముందుంది. నాది ఒక్కటీ పూర్తి కాలేదు.