రెండో ఫిల్టరు

ఆ మెకానిక్‌ని అందరూ చిటికె అనే పిలుస్తారు. పాతికేళ్ళ వయసులో పెట్రోలు బంకు వెనక షెడ్డు పెట్టినప్పుడు, ఎవరు ఏ బండి తెచ్చినా "చిటికెలో చేసిస్తా, టీ తాగి రండి" అనేవాడు. అన్నట్టే చేసేవాడు కూడా. ఇప్పుడు అతనికి యాభై నాలుగు. బ్రేకు తీగ మార్చమని ఇస్తే సాయంత్రం దాకా తేలదు. బిగించిన బోల్టు మళ్ళీ విప్పి చూసుకుంటాడు. "పేరు చిటికె, పని చూస్తే ఏడాది" అని బంకులో వాళ్ళు ఆట పట్టిస్తే తల కూడా ఎత్తడు. బావ పోయిన దగ్గర్నుంచీ మనిషి ఇలా అయిపోయాడని పాతవాళ్ళు చెప్తారు. అది నిజమే గానీ, వాళ్ళకి తెలిసింది సగమే.

బావ అంటే అక్క భర్త. బడిలో డ్రాయింగు మాస్టారు. ఆయనకి తండ్రి నుంచి వచ్చిన పాత మోటార్ సైకిలు ఒకటుండేది. గేరు కుడి కాలి కింద, బ్రేకు ఎడమ కాలి కింద. స్టార్టు చెయ్యడం తెలియనివాడు కిక్కు కొడితే పిక్క పగిలిపోయేది. మాస్టారు దాన్ని కన్నబిడ్డలా చూసుకునేవారు. బావమరిది తప్ప ఇంకెవరూ దాని మీద చెయ్యి వెయ్యకూడదు.

ఆ ఇంజనులో ఆయిలు వడకట్టడానికి రెండు ఫిల్టర్లున్నాయి. ఒకటి అడుగున, పెద్ద బోల్టు వెనక ఇత్తడి జాలీ. అది అందరికీ తెలుసు. రెండోది కుడివైపు, గుండ్రటి మూత వెనక దాక్కుని ఉంటుంది. ఉన్నిబట్టతో చేసింది. ఎక్కడుందో చెబితే తప్ప కొత్త మెకానిక్కులకి కనపడదు. ఆ మూతని పట్టుకుని ఉండేది ఒకే ఒక్క స్క్రూ.

పదిహేనేళ్ళ కిందట, ఓ శనివారం, మాస్టారు దూరప్రయాణం పెట్టుకుని బండిని షెడ్డుకి తెచ్చారు. చిటికె అడుగు జాలీ విప్పాడు, కిరసనాయిల్లో కడిగాడు, ఆరబెట్టి బిగించాడు. రెండోదాని దగ్గరికొచ్చేసరికి స్క్రూ కదల్లేదు. గట్టిగా తిప్పితే గాడి కాస్తా అరిగిపోయింది. ఇక దాన్ని డ్రిల్లు పెట్టి తొలిచి తియ్యాలి. పూట పని. అవతల మరో నాలుగు బళ్ళు వరసలో ఉన్నాయి. అందరి ముందూ చిటికె అనిపించుకున్నవాడు. వచ్చేసారి చూద్దాంలే అనుకున్నాడు.

మాస్టారు టీ తాగొచ్చి, "రెండూ అయ్యాయిట్రా?" అని అడిగారు.

"అయ్యాయి బావా."

అంతే. ఒక్క మాట.

మర్నాడు పొద్దున్నే, కొండ దిగే దారిలో, ఆయిలు అందక ఇంజను బిగుసుకుపోయింది. వెనక చక్రం ఉన్నపళంగా ఆగిపోయింది. మాస్టారు రోడ్డు మీద పడ్డారు. వెనకే వస్తున్న లారీ ఆపుకోలేకపోయింది.

అందరూ లారీనే చూశారు. బండిని విప్పి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. డ్రైవరు మాత్రం కోర్టులో నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "చక్రం తిరగడం ఆగిపోయింది సార్, నా కళ్ళారా చూశాను. బ్రేకు వేసే టైమే లేదు." జనం మూతి విరిచారు. తప్పించుకోవడానికి ఎన్ని కథలైనా చెప్తారన్నారు. అక్క పక్కన బెంచీ మీద కూర్చుని చిటికె ఆ మాట విన్నాడు. చక్రం ఎందుకు ఆగిందో ఆ గదిలో అతనికొక్కడికే అర్థమైంది. లేచి చెప్పాలనుకున్నాడు. లేవలేదు. డ్రైవరుకి మూడేళ్ళ జైలు పడింది.

బండిని తెచ్చి అక్కావాళ్ళింటి పెరట్లో రేకుల కింద పెట్టి, గోనెపట్టా కప్పారు. పదకొండేళ్ళ మేనకోడలి చదువు, జబ్బులు, పరీక్ష ఫీజులు అన్నీ చిటికే చూసుకున్నాడు. ఇంత మంచి తమ్ముడు ఎవరికుంటాడని ఇరుగుపొరుగు అనేవారు. ఆ మాట విన్న రోజు అతనికి అన్నం సహించేది కాదు.

ఆ పిల్లకి ఇప్పుడు ఇరవయ్యారు. నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటులో, ల్యాబులో ఉద్యోగం. ఓ ఆదివారం పట్టా తీసేసి, తండ్రి పుస్తకాల్లో దొరికిన బండి తాలూకు పాత మాన్యువల్ పట్టుకుని మేనమామకి కబురు పెట్టింది. అతను వచ్చేసరికి ఆమె జాలీ విప్పి పళ్ళెంలో పెట్టుకుని ఉంది. మోచేతుల దాకా నలుపు.

"నాన్న బండి నేను నడుపుతా మామయ్యా. ముందు ఫిల్టర్లు. వడకట్టే పని మా డిపార్టుమెంటే కదా" అని నవ్వింది. "ఇదిగో, రెండుంటాయట. రెండోది ఎక్కడ చచ్చిందో చూపించు."

"ఇవాళ వద్దు తల్లీ. నేనొక్కణ్ణే వచ్చి చేసిపెడతాలే" అన్నాడు. ఒక్కడే వస్తే చాలు. ఆ మూత తీసి, కడిగేసి, కొత్త స్క్రూ వేస్తే ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. పదిహేనేళ్ళూ ఎందుకు ఆ పని చెయ్యలేదో అతనికే తెలియదు. ఆ పట్టా ఎత్తాలంటేనే చేతులు వచ్చేవి కావు.

"నువ్వు చేస్తే నాకెప్పుడొస్తుంది? చూపించు మామయ్యా" అంది పిల్ల.

చూపించాడు. ఆమె వంగి టార్చి వేసింది. "ఈ స్క్రూని ఎవరో నాశనం చేశారు."

"నేనే."

డ్రిల్లు తెప్పించి, స్క్రూని తనే తొలిచాడు. మూత ఊడింది. లోపల ఫిల్టరు ఉన్నిబట్టలా లేదు. నల్లగా, మట్టిపెళ్ళలా గట్టిపడి ముద్దైపోయి ఉంది. ఆమె దాన్ని కిరసనాయిల్లో నానబెట్టి వేళ్ళతో మెల్లగా నలిపింది. ఇనుపరజను పళ్ళెం అడుగున తళతళమంది. చాలాసేపు చూసింది. ల్యాబులో రోజూ చేసే పని కదా, మురికి ఎన్నాళ్ళదో చూడగానే చెప్పగలదు.

"కడిగిన ఫిల్టరుకి ఒక్కరోజులో ఇంత రజను పట్టదు" అంది. "నాన్న వెళ్ళే ముందురోజు బండి నీ దగ్గరే కదా ఉంది?"

"నా దగ్గరే."

"రెండూ కడిగానన్నావని అమ్మ చెప్పేది."

చిటికె నీళ్ళు నమల్లేదు. మాస్టారు అడిగిన మాట, తను చెప్పిన మాట, కోర్టులో విన్న మాట, మొత్తం చెప్పేశాడు. చెప్తున్నంతసేపూ ఆమె ఆ ముద్దని నలుపుతూనే ఉంది. చెప్పడం అయ్యాక గుడ్డతో చేతులు తుడుచుకుంది.

"అమ్మ లోపలుంది. వెళ్ళి చెప్పు. నేను చెప్పను."

అక్క కుట్టుమిషను దగ్గర ఉంది. తమ్ముడు గుమ్మంలో నిలబడే చెప్పాడు. ఆమె మిషను ఆపి, చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి వింది.

"స్క్రూ రాలేదని చెప్పి ఉంటే ఆయన బస్సులో వెళ్ళేవారు" అంది.

"అవునక్కా."

"పిల్ల బడిలో తండ్రులు కూర్చునే చోట నిన్ను కూర్చోబెట్టానురా. ఎలా కూర్చున్నావు?"

అతను కూలబడి ఏడవబోయాడు.

"నా దగ్గర ఏడవకు. ఆ డ్రైవరు భార్య ఆరేళ్ళ పిల్లాణ్ణి వెంటబెట్టుకుని ఈ గుమ్మంలోకొచ్చి మొత్తుకుంది, మా ఆయన అబద్ధం చెప్పడమ్మా అని. నేను తలుపు మొహం మీద వేశాను. పో. ముందు అక్కడికి పో."

వాకబు చేస్తే, డ్రైవరు ఊరి చివర సిమెంటు గోడౌనుకి వాచ్‌మన్‌గా ఉన్నాడని తెలిసింది. జైలు నుంచి వచ్చాక ఎవరూ స్టీరింగు చేతికివ్వలేదట. గేటు పక్కన విరిగిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కనుబొమల నిండా సిమెంటు దుమ్ము. చిటికె నిలబడే చెప్పాడు. ఆయన మధ్యలో అడ్డు రాలేదు.

"నేను కోర్టులో గొంతు చించుకున్న రోజు నువ్వు అక్కడున్నావా?" అని అడిగాడు.

"ఉన్నానన్నా."

"ఎక్కడ?"

"మూడో బెంచీలో."

ఆయన తలూపాడు. కొడతాడేమో అనుకున్నాడు చిటికె. కొడితే బాగుండుననీ అనుకున్నాడు. ఆయన జేబులోంచి ఫోను తీసి, స్పీకరు పెట్టి, కొడుక్కి చేశాడు. "ఒరేయ్, ఒకాయన వచ్చాడు. ఆ యాక్సిడెంటు నా తప్పు కాదని చెప్తున్నాడు. ఒక్క నిమిషం విను."

"మళ్ళీ మొదలెట్టావా నాన్నా? ఈసారి ఎవర్ని పట్టుకొచ్చావు?" అంది ఫోను. కట్టయిపోయింది.

బయట లారీ హారను కొట్టింది. "జరుగు, గేటు తియ్యాలి" అన్నాడు ఆయన.

ఆ వారమే చిటికె ఆ కొడుకుని వెతుక్కుంటూ పక్క ఊరు వెళ్ళాడు. కుర్రాడు టైర్ల కొట్లో పనిచేస్తున్నాడు. రెండుసార్లు వెళ్ళగొట్టాడు. మూడోసారి, ఉన్నిబట్ట ఫిల్టరు, అరిగిపోయిన స్క్రూ కాగితంలో చుట్టి తీసుకెళ్ళి చేతిలో పెట్టాడు చిటికె. మేనకోడలే ఇచ్చింది వాటిని. టైర్లు బిగించే చేతులు. ఆ ఫిల్టరునీ స్క్రూనీ వెలుగులో తిప్పి చూడగానే, చిటికె చెప్పింది నిజమేనని కుర్రాడికి అర్థమైంది.

"మా అమ్మ పోయి నాలుగేళ్ళు" అన్నాడు. "మొదట్లో నమ్మింది. ఊరంతా అంటుంటే తనూ నమ్మడం మానేసింది. అలాగే పోయింది. ఆయన్ని ఇంట్లోంచి పొమ్మన్నది నేనే." కాగితం మళ్ళీ మడతపెట్టి తిరిగిచ్చేశాడు. "నాకెందుకు చెప్పావయ్యా? ఇప్పుడు నేను ఆయన మొహం ఎలా చూడను?"

చిటికె ఆ పొట్లం జేబులో పెట్టుకుని వచ్చేశాడు.

ఇది జరిగి ఏడాదవుతోంది. మేనకోడలు బండిని వేరే మెకానిక్ దగ్గర బాగుచేయించుకుంది. బంకులో పెట్రోలు కొట్టించుకుంటుంది గానీ షెడ్డు వైపు తల తిప్పదు. అక్క మాట్లాడదు. చిటికె తన వాంగ్మూలం రాసి ఇచ్చినా, డ్రైవరు దాన్ని ఏ కోర్టుకీ తీసుకెళ్ళలేదు. నెలకోసారి చిటికె టైర్ల కొట్టుకి వెళ్ళి కుర్రాణ్ణి కలిసి, అట్నుంచి ఆ గోడౌనుకి వెళ్తాడు. ఆయన పొమ్మనడు, కూర్చోమనడు. మొన్న వెళ్ళినప్పుడు మాత్రం, "మావాడేమైనా వస్తానన్నాడా?" అని అడిగాడు.

"ఇంకా అనలేదన్నా" అన్నాడు చిటికె.