అజైబాలో కోర్టు కాగితం

కడపలో కోర్టు ఇచ్చిన ఆర్డరు ప్రకారం నా భర్త మా ఇంటి ఛాయలకు రాకూడదు, నాకు ఫోన్ చేయకూడదు. వస్తే పోలీసులు పట్టుకుపోతారు. ఆ భయానికే అతను రెండేళ్లు మా గేటు దాటలేదు. ఆ కాగితం ఇచ్చిన ధైర్యంతోనే ఒమాన్ వచ్చి, అజైబాలో ఇంటిపనికి కుదిరాను.

ఒకరోజు పొద్దున్నే ఆడపడుచు ఫోన్ చేసింది.

“వదినా, అన్న మీ ఒమాన్‌కే, సోహార్‌లో కంపెనీ పనికొచ్చినాడు. బయల్దేరేముందు నీ స్టేటస్ నా ఫోన్‌లో చూసినాడు. ఫోటోలో నీ ఎనకాల షాపు బోర్డు ఉండాది కదా, ఆ పేరు రాసుకున్యాడు.”

నా బుద్ధి మండ! అతన్ని బ్లాక్ చేశాను గానీ, ఆడపడుచును చేయలేదు.

ఆ రోజు బెల్లు మోగినప్పుడల్లా కిటికీలోంచి చూశాకే తలుపు తీశాను. మేడమ్‌కు చూపిద్దామని ఫోన్‌లో ఉన్న ఆర్డరు ఫోటో తెరిచాను. అంతా తెలుగులో ఉంది. అతనే వస్తే, ఈ వీధిలో దాన్ని చదవగలిగేది మేమిద్దరమే.